కుంచం ఎవరింట్లో ఉంది?

(కూలి సంఘాల కార్యకర్తల కోసం ఒక పల్లెలో రాత్రిపూట జరిగిన కూటంలో చేసిన ప్రసంగానికి రాత రూపం. నోటితో చెప్పిన తీరును చాలావరకు అలాగే ఉంచాము.)

 

పొద్దంతా పనిచేసి వచ్చి, పొయ్యి మీద అన్నం దించి, తినీ తినకుండా వచ్చి కూర్చున్నారు. ఫ్రాన్సు దేశం లోకానికి ఏమిచ్చిందో నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. చదువుకున్నవాళ్ళను అడిగితే పెద్ద జాబితా చెప్తారు. పిచ్చికుక్క కరిచిన మనిషిని బతికించే టీకా 1885లో పాశ్చర్ వేశాడంటారు. చూపులేనివాళ్ళు వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల లిపిని లూయీ బ్రెయిల్ తయారుచేశాడంటారు. ఈ బ్రెయిల్ ఎవరనుకున్నారు? గుర్రాల జీనులు కుట్టే తోలుపని ఇంటి బిడ్డ. మూడేళ్ళప్పుడు తండ్రి పనిముట్టు కంట్లో గుచ్చుకుని చూపు పోయింది. పదిహేనేళ్ళకే లిపి తయారుచేశాడు. ఇంకా సినిమా ఉంది. 1895లో లూమియేర్ అన్నదమ్ములు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపించారు. ఇవన్నీ గొప్ప విషయాలే. ఒక్కోదాని మీద ఒక్కో రాత్రి మాట్లాడుకోవచ్చు.

కానీ ఈ రాత్రికి మేము వేరే వస్తువు తెచ్చుకున్నాం. ఇదిగో, మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన టేపు. ఇదిగో, కొట్టు నుంచి తెచ్చిన కిలో రాయి. ఇదిగో, లీటరు డబ్బా. ఈ మూడూ ఫ్రాన్సులో పుట్టినవే. మూడింటికీ వెనక రెండొందల ఏళ్ళ కిందటి రైతుల కోపం ఉంది. ఆ కోపం మనకు బాగా అర్థమవుతుంది. ఎందుకంటే మన కోపమూ అదే.

కళ్ళంలో కుంచం

ముందు మన కళ్ళంలోకి పోయి వద్దాం. ఇక్కడ కూర్చున్న ముసలివాళ్ళకు తెలుసు, ఒకప్పుడు కూలి డబ్బుల్లో లేదు. కోత కూలి గింజలే, నూర్పిడి కూలి గింజలే, పాలేరు జీతం గింజలే. వానాకాలంలో తిండికి తెచ్చుకున్న అప్పూ గింజలే, దాని వడ్డీ కూడా గింజలే. కాబట్టి మన బతుకంతా కుంచంలో ఉండేది. ఆ కుంచం మాత్రం కామందు ఇంట్లో ఉండేది.

మా ముత్తవ్వలు చెప్పేవాళ్ళు: కామందు గాదె దగ్గర కుంచాలు రెండు. తీసుకునేది పెద్దది, ఇచ్చేది చిన్నది. ఒక్క కుంచమే ఉన్నచోట కొలిచే చెయ్యి రెండు రకాలు. అప్పు తీర్చడానికి మనం గింజలు తీసుకెళితే పైన గోపురం నిలిచి నాలుగు పక్కలా రాలేదాకా పోయించేవాళ్ళు. మనకు కూలి కొలిచేటప్పుడు గుల్లగా పోసి, కర్రతో అంచుకు గీసేవాళ్ళు. కొలిచేవాడి బొటనవేలు కుంచం లోపలే ఉండేది. ఏమయ్యా, వేలు తియ్యి అని అడిగిన మనిషికి మర్నాడు పని ఉండేది కాదు.

ఇంకో సంగతి చూడండి. కళ్ళంలో కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనరు. 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు అని లెక్క సాగుతుంది. మంచి మాటతో మొదలుపెట్టాలని పెద్దలు పెట్టిన ఆచారం అంటారు. సరే. మరి ఆ లాభం ఎవరిదీ అని మాత్రం ఏ కళ్ళంలోనూ ఎవరూ అడగనివ్వలేదు.

ప్రభువు కోటలో కొలపాత్ర

ఇప్పుడు ఫ్రాన్సుకు పోదాం. 1789కి ముందు ఆ దేశంలో రాజు, ఆయన కింద ప్రభువులు, మతగురువులు. వీళ్ళలో చాలామందికి పన్నులు లేవు, ఉన్నా నామమాత్రం. భారమంతా దున్నేవాడి నెత్తిన. ప్రభువుకు పంటలో భాగం ఇవ్వాలి. చర్చికి పంటలో భాగం ఇవ్వాలి. చాలాచోట్ల పిండి ప్రభువు మరలోనే ఆడించుకోవాలి, రొట్టె ప్రభువు పొయ్యిలోనే కాల్చుకోవాలి. దానికి మళ్ళీ రుసుము.

ఈ భాగాలన్నీ కొలిచేది దేనితో? మన కుంచం లాంటి పాత్ర అక్కడా ఉండేది. దాని పేరు బ్వాసో. పారిస్‌లో బ్వాసో అంటే సుమారు 13 లీటర్లు. పక్క ఊరికి పోతే అదే పేరుకి ఇంకో సైజు. ఆ కాలంలో ఫ్రాన్సులో సుమారు 800 పేర్లతో, రెండున్నర లక్షల రకాల కొలతలు వాడుకలో ఉండేవని చరిత్రకారుల అంచనా. గుడ్డకు ఒక కొలత, ధాన్యానికి ఒకటి, సారాయికి ఒకటి. పొలాన్ని కూడా చాలాచోట్ల అందులో పట్టే విత్తనాన్ని బట్టో, దున్నడానికి పట్టే రోజుల్ని బట్టో చెప్పేవాళ్ళు. మన దగ్గర తూమెడు భూమి, పుట్టెడు భూమి అనేవాళ్ళు గదా, అట్లాగే.

ఇన్ని కొలతలుంటే నష్టం ఎవరికి? కొలత ఎవరింట్లో ఉంటుందో వాడికి నష్టం లేదు. ఆ ప్రాంతంలో కొలత ఎంత ఉండాలో చెప్పే హక్కు ప్రభువుదే. అసలు పాత్ర ఆయన కోటలోనే. తాతల నాటి పాత్ర అరిగిందనో, పగిలిందనో కొత్తది చేయిస్తే అది పాతదానికంటే పెద్దదై వచ్చేది. పేరు మారదు, కాగితం మీద శిస్తు మారదు, కానీ రైతు ఇంట్లోంచి వెళ్ళే గింజలు పెరుగుతాయి. పాత్రను లోతు తగ్గించి వెడల్పు చేస్తే పైన పోసే గోపురం పెద్దదవుతుంది. భుజం ఎత్తు నుంచి పోస్తే గింజలు దట్టంగా పడి ఎక్కువ పడతాయి. ఇవన్నీ అక్కడి కిటుకులు. ఎక్కడో సముద్రాల అవతల, మన పేరు తెలియని జనం, మన కళ్ళంలో జరిగిందే పడ్డారు. దోపిడీదారులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోనక్కర్లేదు.

పుస్తకాల్లోకి ఎక్కిన గోడు

1788 జూలై 13న ఫ్రాన్సులో పెద్ద వడగళ్ళ వాన పడి పంట పోయింది. మరుసటి ఏడు రొట్టె ధర మండిపోయింది. రాజు ఖజానా ఖాళీ. కొత్త పన్నుల కోసం రాజు దేశమంతటి ప్రతినిధుల సభ పిలవక తప్పలేదు. ఆ సందర్భంలో 1789 వసంతంలో ఊరూరా జనం కూర్చుని తమ కష్టాలు రాయించి పంపారు. వాటిని ఫిర్యాదుల పుస్తకాలు అనొచ్చు. అలాంటివి వేలకొద్దీ తయారైనాయి. చదువురాని రైతులు చెప్తుంటే చదువు వచ్చినవాళ్ళు రాశారు. ఆ పుస్తకాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే కోరిక ఏమిటో తెలుసా? దేశమంతటికీ ఒకే తూకం, ఒకే కొలత కావాలి అని.

రాజ్యం మాది కావాలని రాయలేదు. మా గింజల్ని సరిగ్గా కొలవండి అని రాశారు. చిన్న కోరిక లాగే కనిపిస్తుంది. కానీ ఆ కోరిక తీరాలంటే ప్రభువు చేతిలోంచి పాత్ర లాక్కోవాలి. పాత్ర లాక్కోవాలంటే ప్రభువునే కదిలించాలి. మనం పల్లెల్లో చూస్తూనే ఉన్నాం, కూలి రెండు రూపాయలు పెంచమంటే చాలు, ఊరు మొత్తం కదులుతుంది. చిన్న కోరిక అనేది లేదు.

ఆ ఏడు జూలై 14న పారిస్ జనం బస్తీల్ కోటను పట్టుకున్నారు. ఇది అందరూ చెప్పే కథ. పల్లెల కథ తక్కువమంది చెప్తారు. ఆ జూలై, ఆగస్టుల్లో చాలా ప్రాంతాల రైతులు ప్రభువుల కోటల మీదికి పోయారు. ముందుగా దేనికోసం వెతికారు? శిస్తులు, బాకీలు రాసిన దస్తావేజుల కోసం. వాటిని తగలబెట్టారు. ఆ మంటలకు భయపడి 1789 ఆగస్టు 4 రాత్రి పారిస్ సభలో ప్రభువులే లేచి తమ హక్కులు వదులుకుంటున్నామన్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నారా? తర్వాత రాసిన చట్టంలో మెలిక పెట్టారు. కొన్ని హక్కులు ఊరకే పోతాయి, మిగతావి కావాలంటే రైతులు డబ్బు కట్టి విడిపించుకోవాలి అన్నారు. రైతులు కట్టలేదు. ఏళ్ళ తరబడి మొండికేశారు, మళ్ళీ తిరగబడ్డారు. చివరికి 1793 జూలై 17న పైసా పరిహారం లేకుండా అన్నీ రద్దుచేస్తూ శాసనం వచ్చింది. మొదటి మాటకూ అసలు చట్టానికీ మధ్య నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ జనం ఇంటికి పోకుండా నిలబడ్డారు కాబట్టి వచ్చింది.

ఎవరి పట్టాలోనూ లేని కొలత

ఇప్పుడు టేపు సంగతికి వద్దాం. 1790లో తాలేరాన్ అనే ప్రతినిధి కొత్త కొలతల ప్రతిపాదనను సభ ముందు పెట్టాడు. పని శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. బోర్దా, లాగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, కొందోర్సే, వీళ్ళంతా పెద్ద లెక్కల మనుషులు. పారిస్ కొలతనే అందరికీ పెట్టేస్తే పని సులువే. కానీ అప్పుడది పారిస్ పెత్తనం అవుతుంది. అప్పటిదాకా అడుగు కొలతకు 'రాజు పాదం' అని పేరు. రాజు పాదాన్ని తీసేసి ఇంకొకరి పాదం పెడితే లాభం ఏమిటి? ఏ రాజుకూ, ఏ ఊరికీ, ఏ దేశానికీ చెందని కొలత కావాలి. దేన్నుంచి తీయాలి?

భూమి నుంచి తీద్దామన్నారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా, పారిస్ మీదుగా ఒక గీత గీసినట్టు అనుకోండి. ఆ గీతను కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మీటరు. 1791 మార్చిలో సభ దీన్ని ఒప్పుకుంది. భూమి ఏ కామందు పట్టాలోనూ లేదు గనుక మీటరు కూడా ఎవరి సొత్తూ కాదని వాళ్ళ ఆలోచన.

ఆ గీతను మొత్తం ఎవరూ కొలవలేరు. అందుకని ఉత్తరాన డంకర్క్ నుంచి దక్షిణాన స్పెయిన్‌లోని బార్సిలోనా దాకా, వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న ముక్కను కొలిచి మిగతాది లెక్కకట్టాలనుకున్నారు. 1792లో ఇద్దరు బయల్దేరారు. ఉత్తరం వైపు డెలాంబ్రె, దక్షిణం వైపు మెషాన్. చర్చి గోపురాలెక్కి, కొండలెక్కి, ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి చూపు సారించి, త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ కోణాలు కొలిచారు. రెండుచోట్ల మాత్రం నేలమీద కొలబద్దలు పరిచి సుమారు పన్నెండేసి కిలోమీటర్లు కొలిచారు. ఒక భుజం పొడవు, కోణాలూ తెలిస్తే మిగతా భుజాలు లెక్కలో వస్తాయి. పదో తరగతి పిల్లలు ఇంటి దగ్గర మనకు ఇది చేసి చూపించగలరు.

ఏడాదిలో అయిపోతుందనుకున్న పని ఏడేళ్ళు పట్టింది. దేశమంతా కల్లోలం, బయట యుద్ధం. గోపురమెక్కి దుర్బిణిలో చూసే మనుషుల్ని జనం గూఢచారులనుకున్నారు. డెలాంబ్రెను పారిస్ దగ్గరే పట్టుకుని నిలదీశారు. జనాన్ని తప్పుపట్టలేం. అంతవరకు కొలబద్ద పట్టుకుని ఊళ్ళోకి వచ్చినవాడు ఎప్పుడూ మేలు చెయ్యలేదు గదా! మన పల్లెల్లో సర్వే గొలుసు కనిపిస్తే పెద్దవాళ్ళ గుండె ఇప్పటికీ దడదడలాడదా?

మెషాన్ కథ ఒకటి చెప్పాలి. బార్సిలోనాలో ఆయన తీసిన కొలతలు ఒకదానికొకటి కాస్త పొసగలేదు. చాలా చిన్న తేడా. కానీ ఆయన సిగ్గుతో దాన్ని ఎవరికీ చెప్పకుండా దాచాడు. ఆ బాధతోనే మళ్ళీ కొలవడానికి స్పెయిన్ పోయి, 1804లో జ్వరంతో చనిపోయాడు. ఆయన కాగితాలు డెలాంబ్రె చేతికొచ్చాక సంగతి బయటపడింది. డెలాంబ్రె ఆ కాగితాల్ని తగలబెట్టలేదు. తర్వాతివాళ్ళు చూసుకోవాలని భద్రపరిచాడు. మీటరు అనుకున్నదానికంటే దాదాపు 0.2 మిల్లీమీటరు పొట్టిగా వచ్చిందని తర్వాత తేలింది. భూమి బంతిలాగా ఒకే తీరుగా లేకపోవడం దానికి ముఖ్య కారణం. లెక్కలో తప్పు రావడం నేరం కాదు. దాచడం నేరం. మన సంఘం పద్దు రాసే తమ్ముళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గోడమీద మీటరు

1795 ఏప్రిల్ 7న చట్టం వచ్చింది. మీటరు, లీటరు, గ్రాము అనే పేర్లు చట్టంలోకి ఎక్కాయి. వీటిలో అసలు తెలివి ఏమిటంటే మూడింటినీ ఒకే తాడుకు కట్టారు. పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, పది లోతు ఉన్న పెట్టె చెయ్యండి. అందులో పట్టే నీళ్ళు లీటరు. ఆ నీళ్ళ బరువు కిలో. అన్నీ పదులు, వందలు, వేలు. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి అని ఊరికో లెక్క కంఠతా పట్టక్కర్లేదు. పదులు తెలిసిన ప్రతి మనిషీ లెక్క చూసుకోవచ్చు. సున్నాతో సహా ఆ పదుల లెక్క పుట్టింది మన దేశంలో. మనకు బడి తలుపులు మూసేసి మనల్ని దానికి దూరంగా ఉంచారు, అది వేరే సంగతి.

ఆ నీళ్ళ బరువు కొలిచే పని మొదలుపెట్టినవాళ్ళలో లెవోయిజర్ ఉన్నాడు. రసాయన శాస్త్రానికి తండ్రి లాంటివాడు. అదే మనిషి రాజు తరఫున పన్నులు పిండే కంట్రాక్టు కంపెనీలో భాగస్తుడు కూడా. ఆ కారణంగా 1794 మే 8న ఆయన్ని గిల్లటిన్ కింద చంపారు. ఆయన శాస్త్రమూ నిజమే, ఆ కంపెనీ పిండిన పన్నులూ నిజమే. పెద్దవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు రెండూ చెప్పాలి.

1799 జూన్ 22న ప్లాటినంతో చేసిన మీటరు కడ్డీని, కిలో దిమ్మెను పారిస్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనంలో పెట్టారు. అది గొప్ప పనే. కానీ మా మనసుకు పట్టింది దానికంటే చిన్న పని. 1796, 97లలో పారిస్ వీధుల్లో 16 చోట్ల పాలరాతి మీటర్లను గోడలకు బిగించారు. దారిన పోయే ఎవరైనా ఆగి తన బద్దను దానికి ఆనించి చూసుకోవచ్చు. గుడ్డ కొన్న ఆడమనిషి తన గుడ్డ పరిచి చూసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. వోజిరార్ వీధిలో ఒకటి పెట్టినచోటే ఇవాళ్టికీ ఉంది. కోట గదిలో తాళం వేసి ఉన్న పాత్ర, నడివీధి గోడమీదికి వచ్చింది. విప్లవం అంటే ఏమిటని మమ్మల్ని ఎవరైనా అడిగితే ఈ గోడను చూపిస్తాం.

జనం వెంటనే మీటరును నెత్తిన పెట్టుకున్నారనుకోవద్దు. పేర్లు కొత్త, అలవాటు పాత. పైగా పారిస్ నుంచి హుకుంలా దిగింది. 1812లో నెపోలియన్ పాత పేర్లను మళ్ళీ రానిచ్చాడు. 1837లో ఇంకో చట్టం చేసి 1840 జనవరి 1 నుంచి మీటరునే తప్పనిసరి చేశారు. మంచి కొలతైనా సరే, జనానికి నేర్పకుండా నెత్తిన పెడితే ఇట్లాగే అవుతుంది. 1875 మే 20న 17 దేశాలు కలిసి మీటరు ఒప్పందం మీద సంతకం చేశాయి. లోహపు దిమ్మె కూడా కాలంతో మారుతుందని, 2019 మే 20 నుంచి కిలోను దిమ్మెతో కాక ప్రకృతిలో మారని ఒక విలువతో లెక్కిస్తున్నారు. రాజు పాదం నుంచి అక్కడిదాకా నడిచింది ఈ కొలత.

మనిషికి మాత్రం రెండు కుంచాలు

ఇంతవరకు మంచి చెప్పాం. ఇప్పుడు రెండో వైపు.

అందరికీ ఒకే కొలత అన్న ఆ సభే 1789 ఆగస్టు 26న మనుషులు పుట్టుకతో స్వేచ్ఛాపరులు, హక్కుల్లో సమానులు అని ప్రకటించింది. మరి ఆడవాళ్ళు? వాళ్ళకు ఓటు లేదు. కొలతల సంఘంలో ఉన్న కొందోర్సే 1790లోనే ఆడవాళ్ళకు పౌరహక్కులు ఇవ్వాలని రాశాడు. బానిసత్వం నేరమని అంతకుముందే 1781లో రాశాడు. ఆయన 1794లో ఖైదులో చనిపోయాడు. ఒలింప్ ద గూజ్ అనే రచయిత్రి 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. 1793 నవంబరులో ఆమె తల తీశారు. ఫ్రాన్సు ఆడవాళ్ళకు ఓటు 1944 దాకా రాలేదు.

మరి నల్లవాళ్ళు? కరీబియన్ సముద్రంలో సెన్-దొమింగ్ అనే ఫ్రెంచి వలస ఉండేది. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన సుమారు అయిదు లక్షల మంది బానిసలు అక్కడ చెరకు, కాఫీ తోటల్లో చచ్చేదాకా పనిచేసేవాళ్ళు. ఆ పంచదారతో ఫ్రాన్సు రేవు పట్నాలు మేడలు కట్టుకున్నాయి. హక్కుల ప్రకటన వాళ్ళకు వర్తించలేదు. 1791 ఆగస్టులో బానిసలే తిరగబడ్డారు. వాళ్ళు తిరగబడ్డాకే 1794 ఫిబ్రవరి 4న పారిస్ సభ బానిసత్వాన్ని రద్దుచేసింది. 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చిపెట్టడానికి సైన్యాన్ని పంపాడు. బానిసగా పుట్టి సేనానిగా ఎదిగిన తూసాన్ లూవెర్త్యూర్‌ను పట్టుకుపోయి మంచుకొండల్లోని జైల్లో పెడితే 1803లో అక్కడే చనిపోయాడు. అయినా జనం లొంగలేదు. సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న హైతీ అనే స్వతంత్ర దేశం నిలబెట్టారు.

కథ ఇంకా ఉంది. 1825లో ఫ్రాన్సు యుద్ధ ఓడల్ని హైతీ ముందు నిలబెట్టి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఎందుకు? బానిసల్ని, తోటల్ని పోగొట్టుకున్న యజమానులకు నష్టపరిహారం అట! తర్వాత 1838లో 9 కోట్లకు తగ్గించారు. అది కట్టడానికి చేసిన అప్పుల మీద అప్పులు 1947 దాకా తీరలేదు. తన్నులు తిన్నవాడే తన్నినవాడికి చేతినొప్పి ఖర్చు కట్టడం! ఫ్రాన్సు రైతు తన ప్రభువుకు పైసా కట్టకుండా విడుదలయ్యాడు. హైతీ నల్లవాడు మాత్రం తన ఒంటికి తానే వెల కట్టాడు. ఇదే రెండు కుంచాల లెక్క. ఇంట్లో వాళ్ళకు ఒకటి, పల్లెవాడికి ఒకటి.

ఇదెక్కడో జరిగిన సంగతి కాదు. మన గోదావరి పక్కన యానాం ఉంది. అక్కడ ఫ్రెంచివాళ్ళు 1723లో దిగారు, 1954లో జెండా దించారు. వాళ్ళ భారత వలసల్లో ఓటు పెట్టారు. అది బ్రిటిష్ పాలనలో లేని సంగతే. 1881లో ఒక అవకాశమూ ఇచ్చారు. కులాచారాలతో కూడిన సొంత ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టంలోకి వస్తామంటే రావచ్చు. వచ్చినవాళ్ళను రెనోన్సాలు అన్నారు, అంటే వదులుకున్నవాళ్ళు. అంటరాని కులాలవాళ్ళు కూడా ఆ దారి పట్టారు. మరి 1884లో ఏం చేశారు? ఓటర్లను మూడు జాబితాలుగా విడగొట్టారు. యూరోపియన్లు ఒకటి, రెనోన్సాలు ఒకటి, మిగతా భారతీయులు ఒకటి. గుప్పెడు మంది తెల్లవాళ్ళకు ఒక జాబితా, వేలాది మందికి ఒక జాబితా. ఓటు ఉంది, ఓటు బరువు వేరు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ సంగతి కనిపెట్టినట్టు ఇంకెవరూ కనిపెట్టలేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన హెచ్చరించింది ఇదే. ప్రతి మనిషికీ ఒక ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ అని రాజకీయాల్లో ఒప్పుకుంటున్నాం, సంఘంలోనూ సంపదలోనూ మనిషికి ఒకే విలువ ఇవ్వడం లేదు అన్నాడు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటలు ఫ్రాన్సు విప్లవం నుంచి అప్పు తెచ్చుకున్నవి కావని, తన గురువు బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నవని 1954లో రేడియోలో చెప్పాడు. అంటే ఏమిటి? మంచి మాట ఎవరు చెప్పినా వినాలి, మన మూలాన్ని మరిచిపోకూడదు. ఫ్రాన్సు గొప్పతనం ముందు మనం తలవంచక్కర్లేదు. దాన్ని కూడా కొలిచి చూడాలి.

ఇవాళ్టి టేపు

మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి మీటరు, కిలో అంచెలంచెలుగా అమల్లోకి వచ్చాయి. అంతకుముందు 80 తులాల శేరు, అంటే సుమారు 933 గ్రాములు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయాపైసలయ్యాయి. ఇప్పుడున్నది 2009 నాటి చట్టం. కాబట్టి కుంచం పోయింది. మోసం పోయిందా?

బస్తా 75 కిలోలని లెక్క. తరుగు పేరుతో, తాలు పేరుతో, తేమ పేరుతో పైన ఇంకెంత తూస్తున్నారో కౌలుకు చేసే మన తమ్ముళ్ళను అడగండి. అది పాత గోపురం కాదా? కాటా ఎలక్ట్రానిక్‌ది అయినంత మాత్రాన దాని వెనక చెయ్యి మారలేదు.

మట్టి పని చూడండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పనులు మొదలైనప్పటి నుంచీ మట్టి పనిలో కూలి పడింది రోజును బట్టి మాత్రమే కాదు, తవ్విన ఘనపు మీటర్లను బట్టి. రేపు పథకం పేరు ఏది పెట్టినా మట్టిని కొలిచేది మీటర్లలోనే. అందుకని ఈ లెక్క ఇప్పుడే చేద్దాం. మీరంతా కలిసి మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు గుంట తవ్వారు. మూడు రెళ్ళు ఆరు, ఆరులో సగం మూడు. మూడు ఘనపు మీటర్లు. ఇప్పుడు టేపు పట్టినాయన పొడవులో ఒక జానెడు, అంటే 20 సెంటీమీటర్లు తగ్గించాడు. వెడల్పులో 10 తగ్గించాడు. లోతులో 5 తగ్గించాడు. పైకి చూస్తే ఏమంత? వేళ్ళంత తేడా. లెక్కకడితే 2.8 ఇంటూ 1.9 ఇంటూ 0.45. వచ్చేది 2.394. మూడు ఘనపు మీటర్లు రెండున్నర కంటే కిందికి దిగింది. అయిదో వంతు కూలి గల్లంతు! అయిదు రోజులు తవ్వితే ఒక రోజు ఊరకే తవ్వినట్టు. ఇది వెట్టి కాకపోతే ఇంకేమిటి? కుంచంలో బొటనవేలు ఎక్కడికీ పోలేదు. టేపు మీదికి వచ్చింది.

ఏం చెయ్యాలి

పెద్ద పెద్ద మాటలు చెప్పి పోవడానికి రాలేదు. ఈ పల్లెలో రేపటి నుంచి చెయ్యగల పనులు నాలుగు.

ప్రతి కూలి జట్టులో ఇద్దరికి టేపు పట్టడం, లెక్క కట్టడం రావాలి. అందులో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. గుంటలో తట్ట మోసేది ఆమే గదా. మన పిల్లలే మనకు నేర్పుతారు. మనకు నేర్పితే వాళ్ళ చదువూ గట్టిపడుతుంది.

కొలిచేటప్పుడు జట్టు మొత్తం అక్కడ ఉండాలి. టేపు రెండో కొస మన మనిషి పట్టుకోవాలి. పొడవు, వెడల్పు, లోతు మూడూ మన నోటుపుస్తకంలో తేదీతో రాసుకోవాలి. వాళ్ళ పుస్తకంతో సరిపోకపోతే అక్కడికక్కడే అడగాలి, పదిమందీ కలిసి అడగాలి. ఒక్కడు అడిగితే తలబిరుసంటారు, జట్టు అడిగితే లెక్క అంటారు.

కొట్లో, రేషను షాపులో, ధాన్యం కాటా దగ్గర తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడాలి. లేకపోతే అడిగే హక్కు చట్టం ఇచ్చింది. మన దగ్గర సంఘం సొంత కిలో రాయి ఒకటి, లీటరు డబ్బా ఒకటి, టేపు ఒకటి ముద్ర ఉన్నవి కొని పెట్టుకోవాలి. వాటిని ఎవరింట్లోనూ తాళం వెయ్యకూడదు. సంఘం పందిరి కింద అందరికీ కనపడేచోట ఉండాలి. అదే మన పారిస్ గోడ.

చివరిది, మనలో మనం రెండు కుంచాలు పెట్టుకోకూడదు. మాల పల్లెకు ఒకటి, మాదిగ పల్లెకు ఒకటి పెట్టుకోకూడదు. మగవాడి కూలికి ఒకటి, ఆడమనిషి కూలికి ఒకటి పెట్టుకోకూడదు. ఫ్రాన్సువాళ్ళు ఇక్కడే తప్పారు. ప్రభువు మీద గెలిచి, ఇంట్లో ఆడదాన్నీ తోటలో నల్లవాణ్ణీ మరిచారు. బయటివాడి కుంచాన్ని ప్రశ్నించేవాడు ముందు తన ఇంట్లో కుంచాన్ని కడిగి చూసుకోవాలి.

పొద్దుపోయింది, పిల్లలు నిద్రపోతున్నారు. ముగిస్తున్నాం. ఈ ఏడు కళ్ళంలో కొలత మొదలైనప్పుడు కొలిచే మనిషి అలవాటుగా లాభం అంటాడు. మీరు పక్కన నిలబడి గట్టిగా 'ఒకటి' అనండి. రెండోదానికి రెండు అనండి. పక్కన నిలబడి లెక్కపెడుతున్నామని వాళ్ళకు తెలియాలి. ముందు అది చాలు.

జైభీమ్.